నలుగురికి రాసిన మిద్దెపాట

నేను కట్టిన సంగీతాన్ని ఒక మనిషి జీవితమంతా పాడుకుంది. ఆస్పత్రి వార్డులో మంచాల మధ్య తిరుగుతూ, బిడ్డలకు పాలు పడుతూ, మొగుడు పోయిన ఏడాదంతా వంటింట్లో ఒంటరిగా కూర్చుని ఆ పాటే కూనిరాగం తీసిందట. ఇది నా మాట కాదు, పోయిన నెల కాట్పాడిలో నా చేతికి కాఫీ గ్లాసు అందిస్తూ ఆమే చెప్పిన మాట. గుడియాత్తానికీ వేలూరుకూ మధ్య నలుగురు వాయిద్యగాళ్ల కోసం గీతల కాగితం మీద సంగీతం రాసిన మొదటివాణ్ణి నేనే. నా పాట వినడానికి వచ్చిన జనంతో వేలూరులో ఒక బంగళా హాలు కిక్కిరిసిపోయింది. కొంచెం ఆగండి. హాలు కాదు, గది. జనమంటే, వాయించినవాళ్లను కూడా కలుపుకుంటే, అందరినీ ఒక ఆటోలో ఇరికించవచ్చు. నా చెయ్యి అంతే, తాపీ పట్టిన చెయ్యి. గోడ కనబడితే ఒక పూత ఎక్కువే వేస్తుంది. తడి ఆరకముందే నేనే గీకేస్తాను గనక చదివేవాళ్లు బెంగపడనక్కర్లేదు. ఆ మొదటి వాక్యాన్ని మాత్రం చివరిదాకా గీకకుండా ఉంచుతాను. కాసేపైనా దాని నీడన కూర్చోనివ్వండి.

నేను కాట్పాడి వెళ్లడానికి కారణం సామువేల్ చావు. పేర్ణాంబట్టు తోళ్ల మండీలో గుమాస్తాగా చేసిన ఒకాయన కొడుకులు సామువేల్, దానియేల్. ఇద్దరూ వయోలిన్ వాయించేవాళ్లు. నా వయసువాళ్లే. చిన్నవాడు దానియేల్ ఎప్పుడో పోయాడు. పెద్దవాడు పోయాడని తెలిసి పేర్ణాంబట్టుకు బస్సెక్కి వెళ్లాను. అప్పటికే అంతా అయిపోయి ఇంటి ముందు అద్దె కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. సామువేల్ కొడుకు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "కాట్పాడి నుంచి రోజలిన్ ఆంటీ ఫోన్ చేసి ఒకటే ఏడుపంకుల్" అన్నాడు. ఆమె ఇంకా ఉందని నాకు తెలియదు. నా పాట వాయించినవాళ్లం నలుగురం. వయోలిన్లు అన్నదమ్ములవి, వయోలా నాది, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో రోజలిన్‌ది. అంటే ఇంకా ఒకామె మిగిలి ఉంది. యాభై ఏళ్లు దాటినా నా కడుపులో అరగని ప్రశ్న ఒకటుంది. ఆ పాట బాగుందా, బాగాలేదా? దానికి జవాబు చెప్పగల మనిషి కాట్పాడిలో ఉంది.

ఆ ప్రశ్న ఎలా పుట్టిందో చెప్పాలంటే ముందు సున్నం గురించి చెప్పాలి. మా నాయన గుడియాత్తంలో మిద్దె మేస్త్రీ. ఇప్పుడు మిద్దె అంటే ఇనుప కడ్డీలు, సిమెంటు, కాంక్రీటు కలిపే యంత్రం, ఒక్క పూటలో పని. అప్పుడు టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చి, పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపిన ముద్ద మందంగా పరిచి, దాన్ని కొట్టేవాళ్లు. ఆడవాళ్లు వరసగా గొంతుకూర్చుని చేతి చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. కొట్టినంతసేపూ కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ ఉండాలి. ఆ నీళ్లు పీపాల్లో పులిసి, సారాయికీ తేనెకూ మధ్య ఏదో వాసన వచ్చేది. కందిరీగలు పీపా చుట్టూ తిరిగేవి. ఆ వాసన మా ఇంట్లో నాయన పంచెలో ఉండేది, అమ్మ జుట్టులో ఉండేది, రాగి సంగటి ముద్దలో కూడా ఉండేదని నా అనుమానం. సాయంత్రం కాగానే అమ్మ గిన్నెలో ఆముదం వెచ్చచేసి తెచ్చేది. సున్నానికి పగిలిన నాయన అరికాళ్లకు రాసి, మిగిలింది తన వేళ్లకు రాసుకుని, చివరి చుక్క నా నెత్తిన పామేది. పక్క వీధిలో లుంగీలు నేసే మగ్గాలు అప్పటికింకా ఆడుతూ ఉండేవి. నాయన కళ్లు మూసుకుని, మగ్గాల్లో అటూ ఇటూ పరిగెత్తే నాడాల చప్పుడు విని, "మూడో మగ్గం నాడా తగులుతా ఉండాది" అనేవాడు. నిజంగా మూడోదో కాదో ఎవరం పోయి చూడలేదు. పూతలు వెయ్యడం నాకు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

మిద్దె కొట్టడంలో ఒక కట్టుబాటు ఉంది. కొట్టే ఆడవాళ్లు తమంతట తాము ఆపకూడదు. ఒకామె పాట ఎత్తుకుంటుంది, మిగిలినవాళ్లు అందుకుంటారు, చెక్కలు పాట మీద నడుస్తాయి. మొదట దెబ్బ దబ్ దబ్‌మని మెత్తగా పడుతుంది. సున్నం బిగుసుకునే కొద్దీ చెక్క ఎగిరి చేతికి తిరిగొస్తుంది, శబ్దంలో ఖంగు పుడుతుంది. దాన్నే శబ్దం తిరగడం అనేవాళ్లు. మేస్త్రీ ఒట్టి కాళ్లతో మిద్దె మీద అటూ ఇటూ నడిచి, చెవితోనూ పాదంతోనూ విని, "చాలు" అంటాడు. అప్పుడే చెక్కలు ఆగాలి. ఆ మాట ఒక పూట ముందు అంటే మిద్దె ఆ ఇంటివాళ్ల నెత్తిన వానాకాలమంతా కారుతుంది. అందుకని ఆడవాళ్లు నాయన మీదే పాట కట్టి దెప్పేవాళ్లు. "మేస్త్రీ మీసం తెల్లబడె, మిద్దె మాత్రం గట్టిపడదె" అని. నాయన మీసం కింద నవ్వుకునేవాడు గానీ చాలు అనేవాడు కాదు.

వేలూరులో జ్ఞానముత్తు సార్ బంగళా మిద్దె కారుతుంటే ఆ పని మాకు వచ్చింది. సార్ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, పిల్లలకు ఇంట్లో పియానో, వయోలిన్ నేర్పేవాడు. పెళ్లి చేసుకోలేదు. కింద ఆయన పియానో, పైన మా చెక్కలు. మొదటి రోజు ఓర్చుకున్నాడు. తరువాతి రోజు నిచ్చెన ఎక్కి వచ్చాడు.

"ఎన్న మేస్త్రీ, ఇంకా ఎంతసేపు కొడతారు?"

"అది మిద్దె చెప్పాల సార్, మేం చెప్పేది గాదు."

"మిద్దె ఎవరికి చెబుతుందయ్యా?"

"నాకే సార్" అన్నాడు నాయన, కరక్కాయ నీళ్లు చల్లుతూ.

సార్‌కు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. పిట్టగోడ మీద కూర్చుని వేళ్లతో తొడమీద తాళం వేస్తూ విన్నాడు. ఉన్నట్టుండి తలెత్తి, "యారది? కింద నేను వాయించేదాన్ని పైన పాడతా ఉండేది?" అన్నాడు. ఆడవాళ్లు నన్ను ముందుకు తోశారు. కిందినుంచి వినిపించే పియానోను మిద్దెపాటలో కలిపి నేను పొద్దుటినుంచీ గొణుగుతున్నాను. మా అమ్మ చెక్క ఆపకుండానే, "తీసుకోండి సార్ వాన్ని. ఈడ వాడు కలిపిన సున్నం కంటే కలిపిన మాటలే ఎక్కువ" అంది. సార్ తీసుకున్నాడు. నా అసాధారణ ప్రతిభను ఆ క్షణమే గుర్తించాడని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే ఆయనకు వయోలా వాయించే పిల్లవాడు లేడు. వయోలిన్ కంటే కొంచెం పెద్దది, గొంతు బొంగురు. పాట ఎప్పుడూ దాని చేతికి రాదు, మధ్యలో కూర్చుని నింపుతూ ఉండాలి. అందరూ వయోలిన్ కావాలంటారు. కావాలని నోరు తెరిచి అడగలేనివాడికి వయోలా ఇస్తారు.

పై చదువుకు వేలూరు వచ్చేవరకు వారానికొకసారి, వచ్చాక రోజూ, ఆ బంగళాకు వెళ్లాను. సెలవుల్లో సున్నం పని, మిగతా రోజుల్లో తీగలు. సున్నానికి పగిలిన వేలికొనను తీగ మీద నొక్కితే ప్రాణం పోయేది. శనివారం సాయంత్రాలు సార్ ఇంట్లో ఒక కొలువు జరిగేది. మాలో ఎవరైనా సొంతంగా ఏదైనా రాస్తే అక్కడ వాయించాలి, మిగతావాళ్లు మొహమాటం లేకుండా అభిప్రాయం చెప్పాలి. రెండు నియమాలు. పాట అయ్యాక రాసినవాడు కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి, అందరూ మాట్లాడే వరకు నోరెత్తకూడదు. రెండోది సార్‌కు సొంతం. పూర్తిగా వినని పాట గురించి ఆయన ఒక్క మాట చెప్పడు. "ఉడకని అన్నానికి ఉప్పు చూసేది లేదప్పా" అనేవాడు. ఆ గదిలో సామువేల్ ఒక శనివారం రెండు వయోలిన్లకు చిన్న పాట వాయించాడు. మూడు మెట్లు ఎక్కి, ఒక మెట్టు జారి, జారినందుకు తనే నవ్వుకున్నట్టు ఉండే పాట. మేకపిల్ల గంతులాంటిది. సార్ కళ్లజోడు తీసి తుడుచుకుని, "సామువేలు, దీన్ని నేను పడుకున్నాక కూడా వింటాను" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఆ అసూయతోనే నా పాట మొదలుపెట్టాను. సార్ మాకు నేర్పింది ఛాంబర్ మ్యూజిక్. పెద్ద సభలకు కాదు, నలుగురు ఒక గదిలో చుట్టూ కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించేది. కర్ర పట్టుకుని నడిపించేవాడు ఉండడు. నాకు తెలిసిన గొప్ప సంగీతం మిద్దె కొట్టడమే కాబట్టి దాన్నే రాశాను. చెల్లోలో దబ్ దబ్ దెబ్బ, వయోలాలో ఆ దెబ్బకూ దెబ్బకూ మధ్య చెక్క ఎగిరిపడే టక్, ఒక వయోలిన్‌లో పాట ఎత్తుకునే ఆమె, రెండోదానిలో అందుకునేవాళ్లు. మెత్తగా మొదలై, తిరిగి తిరిగి, బిగుస్తూ పోతుంది. ముగింపు దగ్గర మాత్రం ముగింపు రాయలేదు. "శబ్దం తిరిగే వరకు" అని రాశాను. రోజలిన్ నర్సింగు చదివేది, చిత్తూరు వైపు పిల్ల, మా అందరికంటే కొంచెం పెద్దది. చెల్లోను మోకాళ్ల మధ్య పెట్టుకుని కాగితం చూసి అడిగింది.

"ఎంతసేపు వాయించాలప్పా ఇది?"

"శబ్దం తిరిగేదాకా అక్కా."

"తిరిగిందని ఎవరు చెప్పేది?"

"తెలుస్తాదిలే అక్కా."

నాకు తెలియదు. అప్పటికి నా బుర్రకు తట్టనే లేదు. మేస్త్రీ ఉంటే తప్ప ఆగని పాటను, మేస్త్రీ ఉండని సంగీతంలో కట్టి కూర్చున్నాను. ఇంత తప్పు చెయ్యాలంటే మిద్దె మేస్త్రీ కొడుకై పుట్టాలి, వేరేవాళ్లకు చేతకాదు.

నా బతుకు ఆ పాటకు కట్టి ఉంది. పాట బాగుంటే సార్ మద్రాసులో తనకు తెలిసినవాళ్లకు చెప్పి సంగీతం చదివిస్తానన్నాడు. నాయనను ఒప్పించడానికి అమ్మకు నోరు నొప్పి పుట్టింది. చివరికి ఆయన అన్నాడు, "నాకు ఆ వాయించేదేం తెలీదు. సార్ బాగుండాదంటే పో. లేదంటే వచ్చి తాపీ పట్టు. మళ్లా ఏడస్తా కూచోబాకు." ఆ శనివారం తనే వచ్చాడు. పెళ్లిళ్లకు వేసుకునే తెల్ల చొక్కా, చేతులకు ఆముదం. సార్ కుర్చీ చూపిస్తే, "వద్దు సార్, ఈడ బాగుండాది" అని గడప పక్కన నేలమీద కూర్చున్నాడు. కూర్చుని మమ్మల్ని చూడలేదు, పైకి చూశాడు. తను కొట్టించిన మిద్దె కిందనే ఉన్నాడు మరి.

మొదలుపెట్టాం. రెండోసారి తిరిగేసరికి నాయన కాలి బొటనవేలు నేలమీద కదలడం చూశాను. నాకు అంతకుముందూ ఆ తర్వాతా దొరకని బిరుదు అది. పాట తిరిగింది, మళ్లీ తిరిగింది. సామువేల్ తమ్ముణ్ణి చూశాడు, దానియేల్ రోజలిన్‌ను చూశాడు, రోజలిన్ నన్ను చూసింది. నేను నాయనను చూశాను. పుట్టినప్పటినుంచి చాలు అనే మాట నేను ఆయన నోటినుంచే విన్నాను, ఇంకెవరు అనాలి? నాయన సార్‌ను చూశాడు. పెద్దమనిషి ఇంట్లో, ఆయన గదిలో, తను నోరు తెరవచ్చా? సార్ కళ్లు మూసుకుని ఉన్నాడు. పిల్లల పాటను మధ్యలో ఆపడం ఆయన నియమంలో లేదు. అలా ఒకరికోసం ఒకరం కాచుకుని తిరుగుతూనే ఉన్నాం. రోజలిన్ పై పెదవి మీద చెమట పట్టింది. ఆమె హాస్టలు గేటు మూసే వేళ. సార్ ఒక్కసారి కళ్లు తెరిచి గోడ గడియారం చూశాడు.

సరిగ్గా అప్పుడు శబ్దం తిరగడం మొదలైంది. నాలుగు కమానులూ ఒక్క చేతిలో ఉన్నట్టు, చెక్క ఎగిరి తిరిగొచ్చినట్టు, గదిలో ఖంగు పుట్టింది. ఇది పూత కాదు. లేక ఇదీ పూతేనేమో. గీకి చూద్దామంటే ఇక్కడ కింద గోడ లేదు.

నాయన చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "చాలురా అప్పా, చాలు" అన్నాడు.

ఆగిపోయాం. చెక్కలు ఆగినట్టే ఆగిపోయాం.  నేను కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాను. సున్నం పూసిన గోడ, మేం పూసిందే.  వెనకనుంచి సార్ గొంతు వినిపించింది.

"పూర్తయిందా రత్నం?"

నా పేరు మునిరత్నం. అయింది సార్ అంటే సరిపోయేది. అబద్ధం కూడా కాదు, ఎక్కడ ఆపితే అక్కడే ముగింపు అని తెలివిగా చెప్పుకోవచ్చు. అంతకుముందు ఎన్ని కోతలు కోశాను, ఆ తర్వాత ఎన్ని కోశాను. కానీ శబ్దం పూర్తిగా తిరగకుండా మిద్దె అయిందని మా ఇళ్లలో ఎవరమూ అనం, నోరు రాదు. జీవితంలో ఒక్కసారి పూత లేకుండా మాట్లాడాను.

"లేదు సార్" అన్నాను గోడతో.

"అయితే నేనేం చెప్పేది లేదప్పా. నీకు తెలుసు కదా" అన్నాడు సార్. కోపంగా అనలేదు. ఆయన దగ్గర నియమం నియమమే. రోజలిన్ అప్పటికే చెల్లో గలీబు తొడుగుతోంది.

తిరుగు బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. పళ్లికొండ దాటాక తెల్ల చొక్కా పై బొత్తాం విప్పుకున్నాడు.

"ఆ పిల్లకి చెయ్యి నొస్తా ఉండె" అన్నాడు. "సార్ గడియారం జూస్తా ఉండె. నేనేం జేసేదప్పా."

"ముందే చాలన్నావు నాయనా."

ఆయన రోడ్డు వైపు చూశాడు. "అవును" అన్నాడు. "ముందే."

బతుకంతా ఏ మిద్దెకూ ముందు చాలనని మనిషి. ఆ తర్వాత ఆయన పని చేయించిన ప్రతి మిద్దె మీదా ఆడవాళ్లు గొణిగేవాళ్లు, శబ్దం తిరిగి పొద్దుపోయినా మేస్త్రీ చాలనడం లేదని. "కొట్టండి, ఇంకొంచెం కొట్టండి" అనేవాడట. ఎందుకని వాళ్లు అడిగితే మళ్లీ ఆ చివరినుంచి నడవడం మొదలుపెట్టేవాడు. నన్ను మాత్రం పక్కన నిలబెట్టుకునేవాడు.

ఇంకో శనివారం వాయించి ఉండవచ్చు కదా అని మీరనుకోవచ్చు. నేనూ అదే అనుకుంటూ బతికాను. రోజలిన్‌కు సాయంత్రం డ్యూటీలు పడ్డాయి. చెల్లో లేకపోతే దబ్ లేదు, దబ్ లేకపోతే మిద్దెపాట లేదు. ఆ వానాకాలంలోనే సార్ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తిరునల్వేలి నుంచి అక్క కొడుకులు వచ్చి తీసుకుపోయారు. కాట్పాడి స్టేషన్లో ఆయనను కుర్చీతో సహా రైలెక్కిస్తుంటే పరుగెత్తి పోయి పక్కన నిలబడ్డాను. సిగ్గు విడిచి అడిగాను, "సార్, నా పాట. విన్నకాడికైనా ఎట్లుండాది సార్?" ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నా వేళ్ల పగుళ్లు తడిమి చూశాడు. "పూర్తిగా వినలేదు కదప్పా" అన్నాడు. రైలు కదిలింది. సార్ మళ్లీ రాలేదు. నా చేతికి తాపీ వచ్చింది. రాసిన కాగితాలు మా ఇంటి అటక మీద ఒక తుఫాను వానకు నాని ముద్దయ్యాయి. ఊరందరి మిద్దెలూ కారకుండా చూసిన మేస్త్రీ ఇల్లు పెంకుటిల్లు, అది కారేది.

సున్నం మిద్దెలు పోయాయి. కొట్టే ఆడవాళ్లు కొందరు బీడీలకు, కొందరు అగ్గిపెట్టెలకు వెళ్లిపోయారు. నేను కాంక్రీటు మేస్త్రీనయ్యాను, తరువాత కాంట్రాక్టరునయ్యాను. వేలూరులో సగం ఊరు నేను కట్టిందే. సగం కాదు, కొన్ని వీధులు. కాంక్రీటుకు చెవితో పని లేదు. పోసి, నీళ్లు కట్టి, వచ్చేస్తాం. అది గట్టిపడేటప్పుడు ఎవరితోనూ ఏమీ చెప్పదు. ఈమధ్య మా మనవరాలు తన స్నేహితురాలు కట్టిన పాటంటూ ఫోన్‌లో వినిపించింది. నాలుగు వాయిద్యాలూ యంత్రమే వాయించిందట. ఆ పిల్ల పొద్దున నెట్‌లో పెడితే మధ్యాహ్నానికి ఊళ్లూ దేశాలూ తెలియనివాళ్లు దాని కింద బాగుంది, బాలేదు, మధ్యలో సాగింది అని రాశారు. "తాతా, నువ్వూ ఏమన్నా చెప్పు" అంది మనవరాలు. నేను మొత్తం విన్నాను, రెండుసార్లు విన్నాను. బాగుందో లేదో చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. అభిప్రాయం అంత చవకగా దొరికే కాలంలో ఆ పిల్ల పుట్టింది. నేను ఒక్కదాని కోసం ముసలివాణ్ణయ్యాను.

అందుకే కాట్పాడి వెళ్లాను. రోజలినక్క నన్ను చూసి మొదట పోల్చలేదు, పేరు చెప్పాక చేతులు రెండూ పట్టుకుంది. నర్సుగా రిటైరై చాలా కాలమైంది. మోకాళ్లు సరిగా లేవు, మనిషి చురుకే. ఎవరెవరు ఏ సంవత్సరం పోయారో గడగడా చెప్పింది. చెల్లో ఎప్పుడో చర్చికి ఇచ్చేసిందట. వరండాలో కూర్చున్నాం. కాఫీ తెస్తానని లేచిన మనిషిని ఆపి మరీ అడిగాను, ఆగలేక.

"అక్కా, నా మిద్దెపాట గుర్తుండాదా? నలుగురం తిప్పి తిప్పి వాయిస్తిమే. మా నాయన లేచి చాలన్నాడే."

ఆమె కళ్లు చిన్నవి చేసుకుని వెతికింది. నిజంగానే వెతికింది, అది కనిపించింది.

"మీ నాయన వచ్చినాడా? గేటు మూసేస్తారని నాకు బయమైన ఒక దినం గుర్తుండాదప్పా. వేలికి బొబ్బ లేచింది, వార్డులో సూది పట్టుకోలేకపోతిని. పాట..." తల అడ్డంగా ఊపింది. "లేదప్పా. ఏం పాటో అది."

లోపలికి వెళ్లింది. వంటింట్లో గిన్నెల చప్పుడు. నేను వరండా స్లాబు చూస్తూ కూర్చున్నాను. మూలన చెమ్మ పట్టింది. కాసేపటికి ఆమె కాఫీ గ్లాసుతో, వెలిగిపోతున్న మొహంతో వచ్చింది.

"యాడికి పోతాదప్పా నీ పాట. గుర్తొచ్చింది" అంది. "అదే గదా, నా బతుకంతా పాడుకుంటి. వార్డులో పాడుకుంటి, బిడ్డలకు పాడితి, ఆయన పోయినాక ఒక్కదాన్నే కూచుని అదే పాడుకుంటి. పేర్లు మరిసిపోతిని గానీ పాట మరిసేదా. ఇదిగో చూడు."

గ్లాసు నా చేతిలో పెట్టి, కూనిరాగంగా అందుకుంది. మూడు మెట్లు ఎక్కింది. ఒక మెట్టు జారింది. జారినందుకు తనే నవ్వినట్టు నవ్వింది.

సామువేల్ పేరు నా నోటిదాకా వచ్చింది. అతను పోయి ఇంకా నెల కాలేదు. ఫోన్‌లో అతని కొడుకు దగ్గర ఏడ్చిన మనిషి నా ఎదురుగా అతని పాటే పాడుతోంది. పూర్తిగా పాడింది, చివరిదాకా. పాడి నా మొహం చూసింది, నేను ఏమంటానోనని, చిన్నపిల్లలాగా.

"అదే గదా మునిరత్నం?"

"అవునక్కా" అన్నాను. "అదే నాది."

"ఎంత బాగుంటాదప్పా అది" అంది. "ఇన్నేండ్లు నీకు చెప్పల్లేదే."

అదీ సంగతి. ఆ మొదటి వాక్యాన్ని ఇప్పుడు గీకేస్తున్నాను. యాభై ఏళ్లు కాచుకున్న అభిప్రాయం నాకు అందింది. దాని మీద పేరు వేరేవాడిది, వాడు మట్టిలో ఉన్నాడు. దాన్ని వాడి కొడుక్కి ఫోన్ చేసి అప్పజెప్పాలి. ఇంకా చెయ్యలేదు.

గుడియాత్తం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా పాట గుర్తుచేసుకోవాలని చూశాను. రాసినవాణ్ణి నేనే, నాలుగు భాగాలూ నావే. మొదటి వయోలిన్ ఎత్తుకున్న వరస రాలేదు. రెండోది అందుకున్న వరస రాలేదు. చెల్లో రాలేదు. నా చేతులకు తెలిసింది ఒక్క వయోలా భాగమే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎగిరిపడే ఆ టక్. ముందు సీటు కడ్డీ మీద వేలి కణుపుతో కొట్టాను. టక్. ఖాళీ. టక్. ఖాళీ. నా పక్కన కూర్చున్నామె, ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని, పళ్లికొండ వరకు ఓర్చుకుంది.

"ఏం తాతా, కడ్డీ వదులుగా ఉండాదా?" అంది.

"లేదమ్మా" అన్నాను. "గట్టిగానే ఉండాది."

ఆమె దిగిపోయింది. నేను కొడుతూనే ఉన్నాను. చాలు అనడానికి ఎవరూ లేరు.